మూడేళ్లుగా కనిపించని నిర్వాహకుడు, అందరినీ దూషించే వాడుకరి: చిన్న వికీలో ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. మాది ఒక భారతీయ భాషలో నడిచే చిన్న వికీ ప్రాజెక్టు. పేరు చెబితే చర్చ మనుషుల మీదికి మళ్లుతుంది కాబట్టి చెప్పడం లేదు. రోజూ రాసేవాళ్లం పదిమందిమి కూడా ఉండం. మా ముగ్గురు నిర్వాహకుల్లో ఒకరు మూడేళ్లుగా అటువైపు రాలేదు. ప్రాజెక్టుకు పునాది వేసిన పెద్దాయన కావడంతో హోదా తీసేద్దామని అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు. ఇంకో వాడుకరి ఇతరులు రాసినవన్నీ రద్దు చేస్తూ, చర్చ పేజీల్లో తిట్లకు దిగుతున్నారు. ఈ ఇద్దరి ఖాతాలూ తీసేయవచ్చా? ఎవరిని అడగాలి?

జవాబు 1

ఖాతా తీసేయడమనేది వికీలో లేదండి. ఇక్కడి రచనలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. రాసినవారికి ఆ పేరు దక్కాలన్నది ఆ లైసెన్సులో షరతు. అందుకే ఎంత గొడవ చేసినవారిదైనా, వారు చేసిన మార్పులు పేజీ చరిత్రలో వారి పేరుతోనే ఉంటాయి. మీ చేతిలో ఉన్నవి రెండే: హోదా వెనక్కి తీసుకోవడం, రాయకుండా నిరోధించడం. రాయడం మానేసిన మామూలు వాడుకరి జోలికి అసలు వెళ్లకండి. ఆయన వల్ల ఎవరికీ నష్టం లేదు, ఏ పండగ సెలవుల్లోనో మళ్లీ వచ్చి రాయవచ్చు.

నిర్వాహకుడి సంగతి వేరు. పేజీలు తొలగించే, వాడుకరులను నిరోధించే అధికారం ఆ ఖాతాకు ఉంది. వేరే చోట వాడిన సంకేతపదాన్నే ఇక్కడా పెట్టుకుని, అది బయటపడితే ఆ అధికారమంతా దొంగ చేతికి పోతుంది. 2018లో ఇంగ్లీషు వికీపీడియాలో నిర్వాహకుల ఖాతాలే పరుల చేతికి చిక్కి పేజీలు పాడయ్యాయి. అలవాటుగా వచ్చేవారైతే తేడా వెంటనే గమనిస్తారు. మూడేళ్లుగా రానివారికి ఎవరు చెప్పాలి?

దీనికి మీరు కొత్తగా నియమం రాసుకోనక్కరలేదు. సొంత విధానం లేని వికీలకు 2013 నుంచి ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. రెండేళ్లపాటు ఒక్క మార్పు గానీ, ఒక్క నిర్వాహక చర్య గానీ లేకపోతే స్టీవార్డులు (అన్ని వికీల్లోనూ హోదాలు ఇచ్చే, తీసే అధికారమున్న వాడుకరులు) ఆ నిర్వాహకుడి చర్చ పేజీలోనూ, సముదాయానికీ కబురు పెడతారు. సుమారు నెల రోజులు చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే హక్కులు తీసేస్తారు. హోదా ఉంచుకుంటానని ఆయన జవాబిస్తే నిర్ణయం మీ సముదాయానిదే. చాలా వికీల్లో అధికారులు (నిర్వాహకుల పైన ఉండే స్థానిక హోదా) నిర్వాహక హోదా ఇవ్వగలరు గానీ తీసేయలేరు, అందుకే అన్ని వికీల ఉమ్మడి వ్యవహారాలు నడిచే మెటా వికీలో స్టీవార్డులను అడగాలి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. స్టీవార్డుల నోటీసు కంటే ముందు మీరే ఆయన చర్చ పేజీలో రాయండి. ఈ మాదిరిగా: "నమస్కారం. మీరు మొదలుపెట్టిన పని మేము కొనసాగిస్తున్నాం. చాలాకాలంగా మీరు రానందున, ఖాతా భద్రత కోసం నిర్వాహక హోదాను వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాం. ఇది మీ పని మీద తీర్పు కాదు. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ ప్రతిపాదించే బాధ్యత మాది." ఈమెయిలు సౌకర్యం ఉంటే అదే మాట మెయిల్లోనూ పంపండి. పెద్దల పట్ల గౌరవం అంటే వారికి ముందుగా చెప్పడమే. చెప్పకుండా నాన్చడంలో గౌరవమేమీ లేదు.

ఇక దూషించే వాడుకరి. ముందు ఆధారాలు పోగు చేయండి. "ఆయన ఎప్పుడూ ఇంతే" అంటే బయటివారికి ఏమీ అర్థం కాదు. ఏ పేజీలో, ఏ తేదీన, ఏ మాట అన్నారో చరిత్రలోని తేడా లింకుతో (ఆ ఒక్క మార్పును చూపే లింకుతో) సహా చూపాలి. ఆ తర్వాత ఆయన పేజీలోనే స్పష్టమైన హెచ్చరిక ఉంచాలి, జవాబుకు వ్యవధి ఇవ్వాలి. అప్పటికీ ఆగకపోతే నిరోధం. అదీ ఒక్కసారిగా శాశ్వతం వద్దు. గొడవ రెండు మూడు పేజీల చుట్టూనే అయితే పాక్షిక నిరోధం ఉంది: పది పేజీల దాకా ఎంచుకుని వాటిలో మాత్రమే రాయకుండా ఆపవచ్చు, మిగతా చోట్ల ఆయన పని సాగుతుంది. తిట్లు ప్రాజెక్టంతా పాకితే మొదట కొన్ని రోజులు, ఆ పైన వారాలు. సొంత చర్చ పేజీలో రాసుకునే వీలు మాత్రం ఉంచండి, అప్పీలు చేసుకోవడానికి అదే దారి. గొడవలో ఇరుక్కున్న నిర్వాహకుడు తానే ఆ నిరోధం విధించకూడదు. మీ ముగ్గురిలో మిగిలినవారు చేయాలి.

అడిగినవారు

ధన్యవాదాలండి. ఒక సందేహం మిగిలింది. ఆ ముగ్గురిలో ఒకరు దూషించే ఆయనకు స్నేహితులు. నిర్వాహకుడే పక్షపాతం చూపితే?

జవాబు 1

అదే అన్నిటికన్నా కష్టమైన కేసు. క్రొయేషియన్ వికీపీడియాలో కొందరు నిర్వాహకులు ఒక రాజకీయ ధోరణికి కొమ్ముకాసి, కాదన్నవారిని నిరోధిస్తూ పోయారు. 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులకు దాన్ని వాడవద్దని చెప్పాల్సి వచ్చింది. చక్కబడటానికి ఏళ్లు పట్టింది. ఎదురుచెప్పేవారు తగ్గేకొద్దీ ఓటింగు కూడా ఆ గుంపుకే అనుకూలిస్తుంది, అందుకే ఇంకా పదిమంది ఉన్నప్పుడే మాట్లాడాలి.

జర్మన్ వికీపీడియా పద్ధతి బాగుంటుంది. నెలలో 25 మంది గానీ, ఆరు నెలల్లో 50 మంది గానీ కోరితే నిర్వాహకుడు మళ్లీ ఎన్నికకు నిలబడాలి. మీకు ఆ సంఖ్యలు పనికిరావు. చురుకైన వాడుకరుల్లో మూడోవంతు కోరితే చాలని పెట్టుకోండి. ఆ నియమాన్ని ఏ పేరూ ప్రస్తావించకుండా ఇప్పుడే రచ్చబండలో (అందరూ చర్చించుకునే ఉమ్మడి పేజీలో) ఆమోదించుకోండి. ఫిర్యాదు వచ్చాక రాస్తే అది ఎవరి కోసం రాశారో అందరికీ తెలిసిపోతుంది.

జవాబు 2

లోపల న్యాయం దొరకకపోతే, వికీమీడియా సార్వత్రిక ప్రవర్తనా నియమావళి అన్ని వికీలకూ వర్తిస్తుంది. దాని అమలు కోసం ఎన్నికైన సమన్వయ కమిటీ 2024 నుంచి ఉంది. అక్కడికి వెళ్లినా మొదట అడిగేది తేడా లింకులూ, స్థానిక చర్చ లింకూనే. పెద్దాయన హోదా పోయాక ఇద్దరే మిగులుతారు కాబట్టి, కొత్తవారిని గడువుతో కూడిన తాత్కాలిక నిర్వాహకులుగా ఇప్పుడే ప్రతిపాదించండి. చిన్న వికీలకు స్టీవార్డులు అలా కొన్ని నెలల పాటు హోదా ఇస్తారు.