గ్లాక్ 19 ఆ, ఎం అండ్ పీ 2.0 ఆ? మొదటిసారి రేంజ్‌కి పోయొచ్చాక

పెన్నాతీరం (కడప, ఉండేది డాలస్):
అన్నలూ, అక్కలూ, సెలవులకి కడప వచ్చినా, ఎర్రముక్కపల్లెలో ఇంట్లో కూర్చుని రాస్తున్నా. గ్రీన్ కార్డు వచ్చాక, ఇండియా బయల్దేరే ముందు, డాలస్‌లో ఫ్రెండ్‌తో కలిసి మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి పోయినా. రెండు పిస్టళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఒకటి గ్లాక్ 19 జెన్ 5, ఇంకోటి స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ 9 2.0 కాంపాక్ట్. రెండూ పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమే, రెండూ 9 ఎంఎమ్మే, రెండిటికీ మ్యాగజైన్‌లో 15 తూటాలు, బ్యారెల్ రెండిటికీ దాదాపు 4 అంగుళాలు. కాగితం మీద చూస్తే కవలపిల్లలు.

చేతిలోకి తీసుకుంటే మాత్రం సంబంధమే లేదు. గ్లాక్‌ని టార్గెట్‌కేసి ఎత్తితే ముందు సైట్ (గురి చూసే ముక్క) పైకి లేచి కనిపిస్తుంది, మణికట్టు కాస్త కిందికి వంచి సరిచేసుకోవాలి. ఎం అండ్ పీ ఎత్తగానే సైట్లు రెండూ వాటంతట అవే వరసలోకి వచ్చేశాయి. దాని పిడి బాగా గరుకు, చెమట పట్టినా జారలేదు, కొంచెం బరువు కాబట్టి ఎగరడం కూడా తక్కువే అనిపించింది. కానీ ట్రిగ్గర్ వదిలినప్పుడు గ్లాక్‌లో 'టక్' మని స్పష్టంగా తెలుస్తుంది, అది నాకు తెగ నచ్చింది. 7 గజాల నుంచి కాలిస్తే గ్లాక్ గుళ్ళన్నీ నల్ల చుక్కకి కింద ఎడమవైపున గుంపుగా పడ్డాయి. ఎం అండ్ పీ గుళ్ళు మధ్యకి దగ్గరగా పడ్డాయి గానీ గుంపు పెద్దది.

ఇంట్లో పెట్టుకోవడానికి ఏది కొనాలి? మా ఆవిడ చేయి చిన్నది. ఇంకో మాట, ఎండాకాలంలో మా మేనమామ విజిటర్ వీసా మీద వస్తున్నాడు, ఆయనకి ఒకసారి కాల్చాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఆయనకి రెండిట్లో ఏదిస్తే తేలిక?

ప్రొద్దుటూరు_ఆస్టిన్:
మేనమామకి ఏదీ ఇవ్వొద్దు. విజిటర్ వీసా, హెచ్1బీ, ఎఫ్1, ఇవన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. నేను హెచ్1బీ మీద ఉన్నా, ఆఫీసులో అందరూ రేంజ్‌కి పోతుంటే ఈ ఒక్క కారణంతోనే పోకుండా ఇంట్లో కూర్చున్నా. నీది గ్రీన్ కార్డు, నీకు ఇబ్బంది లేదు. మామకి ఉంది.

గుంతకల్‌జంక్షన్:
ఊరికే భయపెట్టకండి బ్రో. మా బాబాయి హ్యూస్టన్ పోయినప్పుడు కాల్చాడు, ఫొటోలు కూడా ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు, వీసా ఎవరూ అడగలేదు. అద్దెకు తీసుకుని అరగంట కాల్చి తిరిగి ఇచ్చేస్తే అది 'దగ్గర ఉంచుకోవడం' ఎట్లా అవుతుంది? కొనుక్కుని ఇంటికి తీసుకుపోతే కదా. ఇంతకీ అసలు ప్రశ్న గ్లాక్ గురించి. గ్లాకే తీసుకో అన్నా, ప్రపంచమంతా వాడేది అదే, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ప్రొద్దుటూరు_ఆస్టిన్:
కౌంటర్‌లో అడగకపోతే చట్టం మాయమైపోదు. చేతిలో పట్టుకుంటే చాలు, అది దగ్గర ఉన్నట్టే లెక్క. రేంజ్ అద్దెకి మినహాయింపు అని ఎక్కడా రాయలేదు. ఉన్న మినహాయింపుల్లో మనబోటి వాళ్ళకి పనికొచ్చేది ఒక్కటే, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. వేటకి పోకపోయినా దానికోసమే ఆ లైసెన్స్ తీసుకునేవాళ్ళు ఉన్నారు. అది లేకుండా దొరికితే 2022లో మార్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ళ దాకా శిక్ష పడొచ్చు, పైగా మళ్ళీ వీసా అనే మాట మర్చిపోవాలి. మీ బాబాయి ఫొటోలు ముందు తీయించండి, గొప్పగా చెప్పుకోవడం తర్వాత.

గుంతకల్‌జంక్షన్:
మా బాబాయిని మధ్యలోకి లాగొద్దు. మర్యాదగా మాట్లాడు.

ప్రొద్దుటూరు_ఆస్టిన్:
లాగింది మీరే. ఇక్కడ మీ మాట చదివి ఇంకొకరి అమ్మానాన్న ఇరుక్కుంటే జవాబు ఎవరు చెప్తారు?

పాతఆర్ఐ (అనంతపురం):
ఇద్దరూ ఆగండి. సాయుధ రిజర్వు పోలీసులో సర్వీసు మొత్తం చేసి ఆర్ఐగా, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా, రిటైర్ అయిన మనిషిని, ఎంతమంది కానిస్టేబుళ్ళ చేత ఫైరింగ్ చేయించానో నా జిల్లాలో అందరికీ తెలుసు. అమెరికా చట్టం మీరు చూసుకోండి, నేను ఆయుధం గురించి చెప్తాను.

గుళ్ళు కింద ఎడమవైపు పడితే అది గ్లాక్ తప్పు కాదు, సైట్ల తప్పు కాదు. కుడిచేతి వాటం ఉన్న ప్రతి కొత్త మనిషికీ పడేది అక్కడే. పేలబోతోందని మెదడుకి ముందే తెలుసు, ఆ క్షణంలో ఒక్క చూపుడువేలితో నొక్కకుండా పిడికిలంతా బిగిస్తారు, పిస్టల్ ముక్కు కిందికి వంగుతుంది. దీనికి మందు ఒకటే. పక్కవాడి చేత మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డ్రిల్ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) కలిపించు, ఏది ఎప్పుడొస్తుందో నీకు తెలియకూడదు. డ్రిల్ రౌండ్ వచ్చినప్పుడు పేలదు కదా, పిస్టల్ ముక్కు ఎంత కిందికి గుద్దుకుందో నీ కళ్ళకే కనబడుతుంది. అది నిలకడగా నిలబడేదాకా ఏ పిస్టల్ మంచిది అనే ప్రశ్న అనవసరం.

ఇక పాలిమర్ సంగతి. మేము చేసింది ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్ ఆటో 1ఏ మీద. బ్రౌనింగ్ హైపవర్ నమూనా, పూర్తి ఉక్కు, 13 తూటాలు. వెనకాల హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) కంటికి కనబడుతుంది, బొటనవేలికి సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) అందుతుంది. గ్లాక్‌లో బయటికి కనబడే సేఫ్టీ ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న నాలుక ఒక్కటే, మిగతా రెండూ లోపల ఉంటాయి. శిక్షణ ఉన్నవాడికి సరే. పిల్లలున్న ఇంట్లో, అలవాటు లేని మనిషి చేతికి, బొటనవేలి సేఫ్టీ లేని పిస్టల్ నేను ఇవ్వను. ఎం అండ్ పీ ఆ సేఫ్టీతో కూడా దొరుకుతుంది, అది కొను.

ఆదోనిఅమ్మాయి:
సర్ చెప్పిన కింద ఎడమ సంగతి నూటికి నూరు శాతం నిజం. నేను 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చేస్తాను, అందులో పేలుడే లేదు, అయినా పోటీ రోజు టెన్షన్‌లో అదే కింద ఎడమకి పోతుంది. అందుకే ఇంట్లో గోడ మీద తెల్ల కాగితం అంటించుకుని ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ ఒక్కటే సాధన చేస్తాను, టార్గెట్ కూడా ఉండదు. నిరుడు జోనల్ పోటీకి ముందు కేవలం ఆ కాగితం పనితోనే నా స్కోరు పెరిగింది, కోచ్ కూడా ఒప్పుకున్నారు.

కానీ సేఫ్టీ గురించి నేను ఒప్పుకోను సర్. కొత్తవాళ్ళకి అసలు ప్రమాదం విప్పేటప్పుడు. గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అని ధీమాగా ఉంటారు, ఛాంబర్‌లో (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే చోట) ఒకటి మిగిలి ఉంటుంది. ఎం అండ్ పీలో స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) వెనక్కి లాక్ చేసి, లోపల చిన్న లివర్ కిందికి నొక్కితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే విప్పొచ్చు. అక్క చేయి చిన్నది అన్నారు, ఎం అండ్ పీకి మార్చుకునే పిడి ముక్కలు నాలుగు సైజుల్లో వస్తాయి, చిన్నది వేసి చూడమనండి. మీరు ఊహించడం కాదు, అక్కని తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టి అడగండి.

పాతఆర్ఐ (అనంతపురం):
అమ్మా, ఛాంబర్ చూడకుండా విప్పేవాడు ఏ పిస్టల్‌తో అయినా చస్తాడు. మ్యాగజైన్ తీయి, స్లైడ్ లాగు, కంటితో చూడు, వేలు పెట్టి చూడు. మా దగ్గర ఇది చేయనివాడిని మైదానం చుట్టూ పరిగెత్తించేవాళ్ళం. దానికి లివర్ మీద ఆధారపడటం ఏమిటి?

ఆదోనిఅమ్మాయి:
సర్, క్రమశిక్షణ ఉన్నవాళ్ళ గురించి కాదు నేను చెప్పేది. పొద్దున్నే పిల్లల్ని స్కూల్‌కి పంపి, నిద్ర చాలని మనిషి గురించి చెప్తున్నా. మనిషి ఏమరపాటుని లెక్కలో పెట్టుకుని తయారుచేసిన వస్తువు మెరుగైనది. ఇందులో నా మాట మారదు.

గుంతకల్‌జంక్షన్:
సరే, అన్ని కబుర్లూ అయ్యాయి, 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17ని తీసుకుంది, పాలిమర్ పిస్టల్ అనేదాన్ని పుట్టించిందే గ్లాక్. అసలైనది ఉండగా నకలు ఎందుకు? ఐనా మన సీమోళ్ళకి ఆయుధాల గురించి ఒకరు చెప్పాలా!

ప్రొద్దుటూరు_ఆస్టిన్:
పుట్టించింది గ్లాక్ కాదు. జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ వాళ్ళ వీపీ70 అంతకన్నా ముందు, 1970లోనే వచ్చింది, అదీ పాలిమర్ ఫ్రేమే. గ్లాక్ దాన్ని ప్రపంచమంతా వాడేలా చేసింది, అది వేరే సంగతి.

ఆదోనిఅమ్మాయి:
గుంతకల్ అన్నా, 'సీమోళ్ళకి చెప్పాలా' అనే మాట దయచేసి వద్దు. హైదరాబాద్ హాస్టల్‌లో కర్నూలు జిల్లా అని చెప్పగానే మీ ఇంట్లో బాంబులు ఉంటాయా అని అడిగేవాళ్ళు, నా పిస్టల్ కేసు చూసి గది మార్చుకున్న అమ్మాయి కూడా ఉంది. నేను ఆడేది ఆట. మను భాకర్ 2024లో పారిస్‌లో పతకం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే. సినిమాలు మన మీద వేసిన ముద్రని మనమే గొప్పగా మోయొద్దు.

బురుజుకాడ (కర్నూలు):
ఆ అమ్మాయి చెప్పింది కరెక్టు.

నేను వేరే విషయం చెప్పాలి, పెన్నాతీరం అన్నా, ఇది నీకే. రేంజ్‌కి తీసుకుపోయిన బ్యాగు ఇండియాకి తెచ్చుకున్నావా? తెచ్చుకుని ఉంటే ఇప్పుడే లేచి అన్ని జిప్పులూ తిప్పి చూడు. మా తమ్ముడు అక్కడ రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాకే క్యాబిన్ బ్యాగుగా తెచ్చినాడు. తిరుగు ప్రయాణంలో ఒక విమానాశ్రయంలో స్కానింగ్‌లో లోపలి అరలో ఒక్క తూటా దొరికింది. ఒక్కటంటే ఒక్కటి. ఫ్లైట్ పోయింది, ఆయుధాల చట్టం కింద కేసు పెట్టినారు, మా అమ్మ నెలల తరబడి నిద్రపోలేదు. తెలిసి పెట్టుకోలేదు అనేది కోర్టులో మనం చెప్పుకోవాల్సిన మాట, అక్కడ నిలబడిన సిబ్బంది వినరు. పైగా 9 ఎంఎం మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్స్ ఉన్నోళ్ళకి కూడా ఇవ్వరు. పేలాక మిగిలే ఖాళీ కేసు (తూటా తొడుగు) గుర్తుగా తెచ్చుకునే వాళ్ళున్నారు, అది కూడా వద్దు.

పాతఆర్ఐ (అనంతపురం):
ఇందుకే మేము ఫైరింగ్ అయ్యాక ఖాళీ కేసుల లెక్క తేలేదాకా ఎవరినీ రేంజ్ నుంచి కదలనిచ్చేవాళ్ళం కాదు. ఒక్కటి తక్కువైతే గడ్డిలో మోకాళ్ళ మీద వెతకాల్సిందే, పొద్దు గుంకినా సరే. జేబులు తిరగేయించి పంపేవాళ్ళం.

పెన్నాతీరం (కడప, ఉండేది డాలస్):
బురుజన్నా, బ్యాగు డాలస్‌లోనే ఉంది, అయినా సూట్‌కేసు మొత్తం దులిపి చూసినా. మామకి రాత్రే ఫోన్ చేసి చెప్పినా, ఆయన కాస్త బాధపడ్డాడు గానీ అర్థం చేసుకున్నాడు, వేట లైసెన్స్ దారి ఉందేమో అక్కడి లాయర్‌ని అడుగుతా. ఆర్ఐ సార్, డ్రిల్ రౌండ్లు తిరిగి పోగానే కొంటా. ఇంకో ప్రశ్న, ఒకసారి ఖాళీ కేసు ఎగిరొచ్చి చొక్కా కాలర్‌లో పడి మెడ మీద చురుక్కుమంది, ఎర్రగా గీత పడింది. అది గ్లాక్‌కేనా, అన్నిటికీ అంతేనా?

తాడిపత్రి_సేద్యం:
అమెరికాలో రెండు పిస్టళ్ళలో ఏది తేలిక అని ఇంత మాట్లాడుతున్నారు. మా నాయన పేరున పంట రక్షణకని తీసుకున్న 12 బోర్ సింగిల్ బ్యారెల్ తుపాకి ఉంది. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పగించాలి, అప్పగిస్తాం, రూల్ కాబట్టి. పోయినసారి తిరిగి తెచ్చుకుంటే బ్యారెల్ లోపల తుప్పు, కట్టె పిడి పగిలి ఉంది. ఎవరిని అడిగినా మా హయాం కాదంటారు. రెన్యువల్‌కి తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయినాయి. ఇక్కడ శనక్కాయ ఊడలు దిగితే అడవిపందులు రాత్రికి రాత్రి సాళ్ళు సాళ్ళే తిరగేసి పోతాయి. పెద్దలెవరైనా దీనికి దారి చెప్పండి.

గుంతకల్‌జంక్షన్:
ఈ చర్చకీ దానికీ సంబంధం ఏముందన్నా, వేరే చర్చ పెట్టుకో.

ఆదోనిఅమ్మాయి:
ఎందుకు సంబంధం లేదు? ఇక్కడ లైసెన్స్ కష్టం నిజంగా పడుతున్నది ఆయన ఒక్కడే. ఆయన్ని అడగనివ్వండి.

పెన్నాతీరం గారూ, కేసు అన్ని ఆటోమేటిక్ పిస్టళ్ళకీ అట్లాగే ఎగురుతుంది. కాలర్ ఉన్న చొక్కా పైగుండీ పెట్టుకోండి, అంచున్న టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి. అది మెడలో పడినప్పుడు గంతులేయకుండా పిస్టల్ ముక్కు టార్గెట్ వైపే ఉంచాలి, అదే అసలు ముఖ్యం. రేంజ్ నుంచి రాగానే చల్లనీళ్ళతో, సబ్బుతో చేతులు కడగండి, తూటాల్లో సీసం ఉంటుంది. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

పాతఆర్ఐ (అనంతపురం):
తాడిపత్రి నాయనా, ఆయుధం అప్పగించేటప్పుడు రసీదు మీద దాని స్థితి రాయించుకోవాలి, 'బ్యారెల్ శుభ్రం, పిడి బాగుంది' అని. పోయిందేదో పోయింది, ఈసారి నుంచి అది లేకుండా సంతకం పెట్టొద్దు. ఇచ్చే ముందు బ్యారెల్ లోపల నూనె గుడ్డ దూర్చి తుడిచి ఇవ్వు. ఇంకోటి, పంట రక్షణ లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చడానికి వీల్లేదు, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. కాల్చాలంటే అటవీశాఖ అనుమతి వేరే కావాలి. ముందు పంట ఫొటోలు తీసి, సర్వే నంబరుతో అటవీ రేంజ్ ఆఫీసర్‌కి నష్టపరిహారం అర్జీ పెట్టు, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకో. రెన్యువల్ కాగితాలు తీసుకుని సోమవారం కలెక్టరేట్‌కి అర్జీల టైముకి వస్తే నేను అక్కడ కలుస్తాను, ఆ సెక్షన్ ఎక్కడో చూపిస్తాను.

తాడిపత్రి_సేద్యం:
వస్తాను సార్. పాత లైసెన్స్ పుస్తకం, స్టేషన్ రసీదు రెండూ తేవాలా, జిరాక్స్ చాలా?

పాతఆర్ఐ (అనంతపురం):
రెండూ ఒరిజినల్స్ తీసుకురా, జిరాక్స్ రెండు సెట్లు. మీ నాయనని కూడా వెంటబెట్టుకుని రా, లైసెన్స్ ఆయన పేరున ఉంది కదా. తుపాకి మాత్రం ఇంట్లోనే ఉంచు, ఆఫీసుకి తేవద్దు.