1875లో హెల్మన్ బ్యాంకు నిలిచింది, టెంపుల్ బ్యాంకు మునిగింది: జాగ్రత్తా, బంధుబలమా?

ఇనప్పెట్టె:
ఐజయాస్ హెల్మన్ 1859లో పదహారేళ్ల వయసులో జర్మనీలోని బవేరియా నుంచి లాస్ ఏంజెలెస్ చేరి, బంధువుల కొట్లో గుమాస్తాగా కుదిరాడు. 1865లో సొంత కొట్టు పెట్టుకున్నాడు. 1868లో అక్కడి భూస్వామి టెంపుల్, ఆయన పిల్లనిచ్చిన మామ వర్క్‌మన్‌లతో కలిసి బ్యాంకు తెరిచాడు. 1871లో వాళ్లతో తెగతెంపులు చేసుకుని, కాలిఫోర్నియా మాజీ గవర్నర్ డౌనీతో ఫార్మర్స్ అండ్ మర్చంట్స్ బ్యాంకు పెట్టాడు. మామాఅల్లుళ్లు వేరే బ్యాంకు నడుపుకున్నారు. 1875 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా తలుపులు మూసేసరికి జనం డబ్బు వెనక్కి తీసుకోవాలని ఎగబడి, ఈ రెండింటికీ గండం వచ్చింది. అప్పు ఎవరికివ్వాలో తెలియడమే హెల్మన్‌ను కాపాడిందంటాను.

లెక్కలపుస్తకం:
ఒప్పుకోను. 1870లో హెల్మన్ పెళ్లాడిన ఎస్తర్ న్యూగాస్ అక్క, న్యూయార్క్‌లోని లేమన్ బ్రదర్స్ వ్యాపార సంస్థకు చెందిన మేయర్ లేమన్ (మేయర్ అన్నది పేరే, పదవి కాదు) భార్య. లేమన్ బ్రదర్స్ కుటుంబంతో చుట్టరికం ఉన్నవాడి మాటకు ఎక్కడైనా అప్పు పుడుతుంది. టెంపుల్‌కు అలాంటి దిక్కు లేదు.

తూకంరాయి:
ముందు అసలు పని ఎలా సాగేదో చూడాలి. గని కూలీలు బంగారు రజను సంచుల్లో కట్టి కొట్టు పెట్టెలో దాచుకునేవారు. సంచి దాచినంతవరకు అది వాళ్లదే. కొట్టువాడు ముట్టకూడదు, వడ్డీ రాదు, పైగా తూకం తగ్గిందని తగాదాలు. హెల్మన్ ఆ రజనును ఆనాటి ధరకు కొని పాస్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి బంగారం అతనిది, దాన్ని అప్పివ్వొచ్చు. చిక్కు కూడా అక్కడే: అందరూ ఒకేరోజు వస్తే? 1849 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగం బ్యాంకులు కాగితపు డబ్బు అచ్చేయకుండా నిషేధించింది. జనం పుచ్చుకునేది నాణెమే. 1875లో ఊరికి శాన్‌ఫ్రాన్సిస్కో రైలు ఇంకా రాలేదు, అది 1876 సెప్టెంబరులో వచ్చింది. చెడువార్త టెలిగ్రాఫ్ తీగ మీద గంటల్లో వచ్చేది, బంగారం ఓడలో రోజులు పట్టేది. కాబట్టి ఖజానాలో ఆ పూట ఎంత నాణెం ఉందన్నదే ప్రశ్న. టెంపుల్ డబ్బు భూముల్లో, చమురు తవ్వకాల్లో, రైలు కంపెనీలో ఇరుక్కుంది. వారంలో అమ్ముడుపోయే సరుకు కాదది.

లెక్కలపుస్తకం:
మరి హెల్మన్ బ్యాంకు కూడా మూతపడిందిగా! ఆయన యూరప్‌లో ఉండగా డౌనీ టెంపుల్‌తో పాటే తలుపులు మూశాడు.

ఇనప్పెట్టె:
మూసింది డౌనీ, పరుగున వచ్చి తెరిపించింది హెల్మన్. తేడా తెరిచాకే తెలిసింది. టెంపుల్, తన భూములతో పాటు వర్క్‌మన్‌వీ, స్నేహితుడు సాంచెజ్‌వీ తాకట్టుపెట్టి ‘లక్కీ’ బాల్డ్‌విన్ అనే ధనికుడి దగ్గర అప్పు తెచ్చి డిసెంబరులో తెరిచాడు. జనం ఆ డబ్బు కాస్తా తీసుకుపోయారు. 1876 జనవరిలో శాశ్వతంగా మూత. భూములు చివరికి బాల్డ్‌విన్ పాలయ్యాయి. రావలసిన బాకీలు వసూలు కానప్పుడు కొత్త అప్పు తెచ్చి డిపాజిటర్లకు పంచితే మిగిలేది తాకట్టే.

తూకంరాయి:
1893లో మళ్లీ బ్యాంకులకు గండం వచ్చినప్పుడు హెల్మన్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రైల్లో బంగారం తెప్పించి, డిపాజిటర్ల కంటపడేలా కౌంటరు మీద పేర్చాడు. అప్పటికి అక్కడి నెవాడా బ్యాంకు ఆయన చేతిలోనే ఉంది. అది న్యూయార్క్ చుట్టాల సొమ్ము కాదు.

లెక్కలపుస్తకం:
1893కు ఒప్పుకుంటాను. 1875కు మాత్రం కాదు. అప్పటికి నెవాడా బ్యాంకు ఆయన చేతిలోనూ లేదు, శాన్‌ఫ్రాన్సిస్కో రైలూ లేదు.