అప్‌డేట్: అగ్నిపర్వతం రేణువులు పైగాలిలో ఎటు పోతాయో ఎలా తెలుస్తుంది?

పోయిన నెల మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఈ ప్రశ్న అడిగాను. ప్రాజెక్టు నిన్ననే ఇచ్చేసింది. జవాబులు రాసిన అందరికీ చాలా థాంక్స్.

లైడార్ (పైకి లేజర్ వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగుతో గాలిలోని రేణువులను పసిగట్టే పరికరం) గురించి చెప్పినవారికి ఇంకా ఎక్కువ. చెన్నై వేలచ్చేరిలో మా హాల్లో లైట్లు ఆర్పి, రెండు అగరువత్తులు వెలిగించి, పొగలోకి లేజర్ పాయింటర్ పట్టాం. అప్పటిదాకా కనబడని గీత పొగ తగిలిన చోట తళుక్కుమంది. "ఇదేనా నాన్నా?" అంది పాప. అదే! రేణువులకు తగిలి వెలుగు వెనక్కి రావడానికి పట్టే సమయాన్నిబట్టి ఎత్తు లెక్కగడతారు. తిరుపతి దగ్గర గాదంకిలోనూ లైడార్ ఉందని తెలిసి ఎంత సంతోషపడ్డామో.

నేను పొరబడింది ఒకటుంది. ఏడాదికి పైగా పైన నిలిచేది బూడిద అనుకున్నాను. బూడిద చాలావరకు త్వరగానే రాలిపోతుంది. నిలిచేవి సల్ఫర్ డయాక్సైడ్ నుంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరలు. అంత ఎత్తున వాటిని కడిగే వాన ఉండదు. 1991 జూన్‌లో పేలిన ఫిలిప్పీన్స్ అగ్నిపర్వతం పినతుబో తుంపరలు మూడు వారాల్లో భూమిని చుట్టేశాయి.

అన్నిటికంటే మనసుకు హత్తుకున్నది మాత్రం మన మద్రాసు సంగతి. 1883 ఆగస్టు చివర ఇండోనేసియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. సెప్టెంబరులో మద్రాసువాళ్ళకు సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు! ఉపగ్రహాలు లేని ఆ రోజుల్లో, ఏ ఊళ్ళో ఏ రోజు ఇలాంటి వింతలు కనిపించాయో తేదీలు పేర్చి, క్రకటోవా నుంచి ఎగసిన రేణువులు పడమరకు సాగాయని తేల్చారు. పాప ఆ మ్యాప్ చేత్తోనే గీసి, మద్రాసు దగ్గర ఆకుపచ్చ బొట్టు పెట్టింది.