జమల్ యుద్ధం గెలిచాక అలీ తీసుకున్న నిర్ణయంపై చిన్న సందేహం

క్రీ.శ. 656లో ఇరాక్‌లోని బస్రా దగ్గర, నాలుగో ఖలీఫా హజ్రత్ అలీకీ, ప్రవక్త భార్య ఆయిషా పక్షానికీ మధ్య జరిగిన జమల్ యుద్ధం గురించి చదువుతున్నా (జమల్ అంటే ఒంటె, ఆయిషా కూర్చున్న ఒంటె చుట్టూనే పోరంతా నడిచింది మరి). గెలిచాక హజ్రత్ అలీ పారిపోయేవాళ్లను తరమొద్దని, గాయపడ్డవాళ్లను చంపొద్దని, ఇళ్లు దోచుకోవద్దని ఆజ్ఞాపించి, ఆయిషాను ఆమె తమ్ముడు ముహమ్మద్ బిన్ అబూబకర్‌ను తోడిచ్చి మర్యాదగా పంపించారట. ఆ తమ్ముడు యుద్ధంలో అక్కకు ఎదురుగా, అలీ వైపే ఉన్నాడు! ప్రాణాలు తీయొచ్చు గానీ సొమ్ము ముట్టుకోకూడదా అని సొంత సైనికులే గొణిగారట, నాకైతే అక్కడే ఆశ్చర్యం వేసింది. తిరగబడ్డ ముస్లింలతో ఎలా నడుచుకోవాలో ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) పండితులు తర్వాత రాసిన నియమాలకు ఇదేనా మూలం? సున్నీలు, షియాలు ఇద్దరూ ఇలాగే చెబుతారా? తెలుగులో చదవడానికి ఏదైనా ఉంటే చెప్పండి ప్లీజ్, అరబీ నాకు రాదు.