ఐకిడో ఉకెమి: కుడి భుజం తగులుతోంది, ఆర్‌కే బీచ్ ఇసుకలో సాధన చెయ్యొచ్చా?

తెల్లబెల్ట్_ఎంవీపీ:
ఐకిడో (జపాన్ యుద్ధకళ) క్లాసు వారానికి రెండు సాయంత్రాలే. ముందుకు దొర్లే ఉకెమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతి) ఎడమ వైపు బాగానే వస్తోంది. కుడి వైపు వెళ్తే మాత్రం భుజం కొసన ఉన్న ఎముక మ్యాట్‌కి కొట్టుకుంటోంది. మిగతా రోజుల్లో ఇంట్లో చేద్దామంటే మొజాయిక్ నేల, మ్యాట్ లేదు. పొద్దున్నే ఆర్‌కే బీచ్ ఇసుకలో చేస్తే ఎలా ఉంటుంది? ఇంకోటి, తెన్‌కాన్‌లో (ముందు పాదం మీద వెనక్కి తిరిగే అడుగులో) ఉకె (ఎదురుగా వచ్చి పట్టుకునే జోడీ) చెయ్యి గట్టిగా పట్టుకుంటే అస్సలు తిరగలేకపోతున్నాను. ఒంటరిగా చేసుకోదగ్గవి ఉంటే చెప్పండి. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, వయసు 34.

హన్మి:
తమ్ముడూ, భుజం కొస తగులుతోందంటే దొర్లే మధ్యలో ఆ చెయ్యి మడిచిపోతోంది. కుడిచేతి వాటం వాళ్లు తెలియకుండానే ఆ అరచేత్తో నేలని ఆపాలని చూస్తుంటారు. ఆపితే మోచెయ్యి ముడుచుకుంటుంది, బరువంతా వెళ్లి భుజం మీద పడుతుంది.

కుడి కాలు ముందుంచి నిలబడు. నేలకి మొదట తాకాల్సింది కుడి చేతి చిటికెన వేలి అంచు. వేళ్ల కొసలు నీ కాళ్ల వైపు తిరిగి ఉండాలి, మోచెయ్యి బయటికి, చెయ్యంతా విల్లులా వంగి ఉండాలి. అక్కణ్ణుంచి ముంజేతి బయటి వైపు, దండ వెనక భాగం, భుజం వెనక కండ, తర్వాత వీపు మీద ఏటవాలుగా ఎడమ పిరుదు దాకా. గడ్డం ఛాతీకి ఆనించి ఎడమ చంక వైపు చూడు, తల దానంతటదే దారిలోంచి తప్పుకుంటుంది. తల ఎక్కడా నేలని తాకకూడదు.

నొప్పి ఎక్కడుందో చూస్తే తప్పు దొరికిపోతుంది. నడుము దగ్గర వెన్నెముక తగిలితే ఏటవాలుగా కాకుండా నిటారుగా దొర్లుతున్నట్టు. ఎడమ తుంటి ఎముక తగిలితే చివర్లో పక్కకి వాలిపోతున్నట్టు, ఎడమ కాలు సరిగ్గా మడవడం లేదు. ఇంకా అనుమానంగా ఉంటే నల్ల టీషర్టు వేసుకుని, మ్యాట్ మీద సుద్దపొడి పలచగా జల్లి ఒక్కసారి దొర్లు. వీపు మీద గీత తెగకుండా ఏటవాలుగా పడాలి. అయ్యాక మ్యాట్ శుభ్రంగా తుడిచెయ్యి, ఆ పొడి మీద తర్వాతవాళ్ల కాలు జారుతుంది.

కొన్ని వారాలు నిలబడి దొర్లడం మానెయ్. ఎడమ మోకాలు నేల మీద, కుడి పాదం ముందు పెట్టి అక్కణ్ణుంచే వెళ్లు. కుడి వైపు 10, ఎడమ వైపు 5. వేగం వద్దు, చప్పుడు రాకుండా వెళ్లడమే పరీక్ష. వేగంగా వెళ్తే ఒరవడిలో తప్పు కొట్టుకుపోతుంది, నెమ్మదిగా వెళ్తేనే బయటపడుతుంది. చెయ్యి పైకెత్తినప్పుడు కూడా నొప్పి ఉంటే దొర్లడమే ఆపి ఎముకల డాక్టరుకి చూపించు.

లాసన్స్‌బే_అలలు:
ఇసుక గురించి నేను చెప్తాను. తెన్‌కాన్ అక్కడ వద్దే వద్దు. ముందు పాదం ముని భాగం మీద 180 డిగ్రీలు తిరగాలి కదా, పొడి ఇసుకలో పాదం కూరుకుపోయి ఉంటుంది. నడుము తిరిగి పాదం తిరక్కపోతే ఆ మెలి మొత్తం మోకాలికి వస్తుంది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుందిగా అంటారు. నిజమే, కానీ పడటానికి అది నేలతో సమానం, పైగా సముద్రం వైపు వాలు.

పొడి ఇసుకలో మోకాళ్ల మీంచి దొర్లడం చెయ్యొచ్చు, గాజుపెంకులూ గవ్వలూ లేవని చేత్తో తడిమి చూసుకున్నాక. అయితే ఇసుక తప్పుని దాచేస్తుంది. భుజం కొస అందులో దిగబడిపోతుంది, నొప్పి తెలీదు, మళ్లీ క్లాసులో మ్యాట్ మీద అదే దెబ్బ. దానికంటే శివాజీ పార్కు లాంటి చోట పచ్చిక నయం, వాచ్‌మన్ అభ్యంతరం చెప్పకపోతే.

మొజాయిక్ మీద షిక్కో కూడా వద్దు. మోకాళ్ల మీద నడిచే సాధన అంతా మ్యాట్ మీదే.

జో_31:
తెన్‌కాన్ సంగతి. పట్టుకున్న చేతిని లాగుతున్నట్టున్నారు. లాగితే ఉకె బలం మీ బలం మీదికి వస్తుంది, బరువైనవాడే గెలుస్తాడు. పట్టు ఉన్న చోటే చేతిని వదిలెయ్యండి, అది కదలక్కర్లేదు. మోచెయ్యి కిందికి దించి మీ నడుము ముందుకి తెచ్చుకోండి, వేళ్లు చాచండి. ముందు పాదం ఉకె ముందు పాదానికి కాస్త బయటగా వేసి, చేతి చుట్టూ మీరు తిరగండి. ఆఖర్న ఇద్దరూ పక్కపక్కన ఒకే దిక్కు చూస్తుండాలి, మీ అరచేతులు పైకి. అప్పుడు చెయ్యి మీ నడుముకి ఎదురుగా లేదంటే తిరగడం తక్కువైనట్టే.

ఇంట్లో ఇదే అడుగు ఒంటరిగా చెయ్యొచ్చు. మేజా అంచు మీద వేలికొసలు ఆనించి, అవి జరక్కుండా తిరగండి. నున్నటి నేల మీద వట్టి కాళ్లతోనే. సాక్సులు వేసుకుంటే పాదం జారుతుంది, తిరిగామన్న భ్రమ మిగులుతుంది.

కర్ర సాధన కూడా ఒంటరిగా బాగుంటుంది. ఐకిడో గురువు మొరిహిరో సైతో పద్ధతిలో బొక్కెన్ (చెక్క కత్తి) సుబురి (ఒంటరిగా చేసే విసుర్లు, పొడుపులు) 7, జో (పొడవాటి కర్ర) సుబురి 20 ఉన్నాయి. అపార్ట్‌మెంట్లో బొక్కెన్ తల మీదికెత్తితే సీలింగ్ ఫ్యాన్ రెక్క తగులుతుంది, అది మేడ మీదే. గదిలో అయితే జోతో పొడవడం వరకే, చోకు త్సుకి. వెనక చెయ్యి తోస్తుంది, ముందు చేతిలోంచి కర్ర జారుతుంది. ముందు చెయ్యి బిగిస్తే పొడుపు మధ్యలోనే ఆగిపోతుంది.

తెల్లబెల్ట్_ఎంవీపీ:
చాలా థాంక్స్ అండి. కర్రసాము వెదురుకర్ర ఒకటి ఉంది, జోకి బదులు వాడొచ్చా?

జో_31:
ఒంటరి సుబురికి పర్వాలేదు, కణుపులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి, లేదంటే చెయ్యి జారదు. జో సుమారు 128 సెంటీమీటర్లు, మీ ఎత్తుకి దాదాపు చంక దాకా వస్తుంది. కర్రసాము కర్ర ఇంకా పొడవుంటుంది కాబట్టి వెనక కొస గోడకి తగలకుండా చూసుకోండి. ఇద్దరు కలిసి చేసే సాధనకి మాత్రం వెదురు తేవద్దు, దెబ్బకి చీలి పేళ్లు లేస్తాయి.

హన్మి:
వడ్రంగితో చేయిస్తే పార కామకి వాడే గట్టి కర్ర అడుగు. మందం రెండున్నర సెంటీమీటర్ల లోపు. కర్ర పోగు ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా ఉందో లేదో చూసి తీసుకో. పోగు మధ్యలో పక్కకి వెళ్లిపోతే అక్కడే విరుగుతుంది. వార్నిష్ వద్దని ముందే చెప్పు. మన ఊరి ఉక్కపోతకి చెయ్యి చెమర్చి వార్నిష్‌కి అతుక్కుంటుంది. అవిసె నూనె పలచగా రాసి, ఒక రోజు ఆరనిచ్చి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. గోడకి చేరేసి వదలొద్దు, వంగిపోతుంది, పడుకోబెట్టు.