ఇంట్లో కుట్టిన గుడ్డ క్యాపు ఆపరేషన్ థియేటర్లోకి పనికిరాదా?

మూలాపేట మిషనమ్మ:
మా ఆడపడుచు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థియేటర్ నర్సు. కోవిడ్ రోజుల్లో నేను కుట్టిచ్చిన క్యాపులే అక్కడ సగం మంది పెట్టుకున్నారు. ఇప్పుడు మళ్లీ ముప్పై కుట్టమంటోంది. ఒకసారి వాడి పారేయాల్సిన క్యాపును రెండు రోజులు పెట్టుకోమంటున్నారట. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి సిస్టర్ మాత్రం ఇంటి క్యాపులు లోపలికి రానివ్వనని కూర్చుంది. నాది మంచి పాప్లిన్ గుడ్డ. న్యాయం ఎవరిది?

ఒంగోలు ఓటీ టెక్నీషియన్:
ఇన్‌ఛార్జిదే. మీ కుట్టుకు వంక పెట్టడం లేదక్కా. ఆ క్యాపు ఎవరింట్లో, ఏ నీళ్లలో ఉతికారో ఎవరు చూశారు? టిఫిన్ బాక్సు పక్కన బ్యాగులో కుక్కి, బస్సులో తెచ్చి, అదే తలకు పెట్టుకుని లోపలికి వస్తారు. పారేసేదైతే ఆ గొడవ లేదు.

పొగతోట సర్జన్:
పారేసేదే మేలని అంత గట్టిగా అనలేం. అమెరికాలో దీనిమీద పెద్ద రగడే జరిగింది. థియేటర్ నర్సుల సంఘం ఏఓఆర్‌ఎన్ జుట్టు, చెవులు అన్నీ కప్పాలంది. దాంతో చాలా ఆసుపత్రులు షవర్ క్యాపులా ఉబ్బుగా ఉండే బూఫాంట్ తప్ప ఇంకోటి వద్దన్నాయి. సర్జన్లు ఊరుకోలేదు. 2017లో మూడు రకాల క్యాపులను నిజం థియేటర్లలో, ఉత్తుత్తి ఆపరేషన్లు చేసి పోల్చారు. బూఫాంట్ మిగతావాటికంటే మేలేమీ కాదని తేలింది. గాలిలోకి రేణువులు వదలడంలో గుడ్డ క్యాపే నయమనిపించుకుంది. చెవులు కప్పి తీరాలనడానికి చాలినంత ఆధారం లేదని 2018లో సర్జన్ల సంఘం, ఆ నర్సుల సంఘం కలిసి కూర్చుని ఒప్పుకున్నాయి.

ఒంగోలు ఓటీ టెక్నీషియన్:
సార్, ఆ పరీక్షలో నెగ్గింది అప్పుడే ఉతికిన క్యాపు గదా. మూడు రోజుల చెమట పట్టిన క్యాపు కాదు.

పొగతోట సర్జన్:
అది నిజమే. అయితే రెండు రోజులు వాడిన కాగితం క్యాపుకూ అదే మాట. పారేయకుండా వాడే ఆసుపత్రికి నియమం గురించి మాట్లాడే మొహం ఎక్కడిది?

మూలాపేట మిషనమ్మ:
ఎట్టా ఉతికితే చాలు సార్? మా ఇంట్లో వాషింగ్ మిషనుకు వేడినీళ్ల సదుపాయం లేదు.

పొగతోట సర్జన్:
ఆసుపత్రి బట్టలకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క 71 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు. మనకు పొయ్యి ఉంది కాబట్టి సబ్బుతో ఉతికి, విడిగా ఉంచిన గిన్నెలో అరగంట తెర్లించండి. ఆరాక ఇస్త్రీ చేసి, ఒక్కోటీ శుభ్రమైన కవర్లో పెట్టండి. షిఫ్టుకొకటి. లోపల రక్తం పడ్డది మాత్రం ఇంటికే తీసుకురాకూడదు.

కందుకూరు టైలర్:
ఈ పంచాయితీలో నాకూ ఒక ఓటుంది. అమ్మా, తెర్లించేట్టయితే ఎలాస్టిక్ వేయొద్దు, నెల తిరక్కుండా సాగిపోతుంది. వెనక నాడా పెట్టండి. కత్తిరించే ముందే గుడ్డను వేడినీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేదంటే 22 అంగుళాల తలకు కుట్టింది మొదటి ఉడుకుకే పిల్లల టోపీ అవుతుంది. రంగు దిగని లేత రంగు తీసుకోండి. లోపలి అంచులు మడిచి కుట్టండి, దారప్పోగులు వేలాడకూడదు. వార్డులో వేసుకునేవాటికి చెవుల పైన రెండు ప్లాస్టిక్ గుండీలు పెడితే మాస్కు లాగుడు చెవులమీద పడదు. వెంకటగిరి గుడ్డ మిగిలిందని వాడొద్దు, అంత పల్చన దీనికి పనికిరాదు.

కావలి రిటైర్డ్ సిస్టర్:
మీరంతా జుట్టు సంగతి మరిచారు. సర్జన్లు పెట్టుకునే బిగుతు టోపీ పొట్టి జుట్టుకే. మా నర్సు పిల్లలవి బారెడు జడలు. పూలు తీసి రమ్మంటేనే ముఖం మాడ్చుకునేవాళ్లు, ఇక జుట్టు కత్తిరించుకోమంటే వింటారా? వెనక కొప్పు పట్టే సంచి ఉండాలి. ఎన్ని చదువులు చెప్పినా, మెడమీద వెంట్రుక కనపడితే నేను లోపలికి పంపేదాన్ని కాదు.

ఒంగోలు ఓటీ టెక్నీషియన్:
కొప్పు సంచి మాటకు ఒప్పుకుంటా. ఇంటి ఉతుకుకు మాత్రం ఒప్పుకోను. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినామె పొయ్యి మీద టోపీలు తెర్లించుకుంటూ కూర్చోవాలా? థియేటర్ గౌన్లతో పాటు ఆసుపత్రి లాండ్రీలో వేయనిస్తే ఎన్నయినా కుట్టండి.

మూలాపేట మిషనమ్మ:
సరే, ముందు ఆరు కుట్టి ఇన్‌ఛార్జి చేతికే ఇచ్చి, లాండ్రీ మాట అడగమంటాను. కాకపోతే అక్కడికి వెళ్లినవి మళ్లీ మన చేతికొస్తాయా అని మా ఆడపడుచు అనుమానం.

కందుకూరు టైలర్:
లోపలి పట్టీకి ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారంతో రెండు కుట్లు వేయండి, అదే గుర్తు. పాతకాలం చాకలి గుర్తుల్లా నల్లజీడితో మాత్రం పెట్టొద్దు. నుదురు బొబ్బలెక్కుతుంది.