అప్‌డేట్: అమ్మానాన్నలతో ఇజ్రాయెలీ బ్రంచ్‌కి వెళ్లాం

గుడ్డు కూడా ముట్టని అమ్మానాన్నలను మన్‌హాటన్‌లో మా వీధి ఇజ్రాయెలీ రెస్టారెంట్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. ఆదివారం వెళ్లాం, శనివారం షబ్బత్ (యూదుల విశ్రాంతి రోజు), మూసేస్తారు. అది కోషర్ డైరీ హోటల్, అంటే యూదుల ఆహార నియమాలు పాటిస్తూ పాల వంటకాలు పెట్టేది. పాలు, మాంసం కలపకూడదన్న నియమం వల్ల మాంసం అసలు వండరు. చేప మాత్రం ఉంటుంది, అడిగి ఆర్డర్ ఇవ్వండి.

నేను షక్షుకా తిన్నాను, టమాటా గుజ్జులో ఉడికిన గుడ్లు, బాగుంది. అసలు హిట్ సబిఖ్. పీటా రొట్టెలో వేయించిన వంకాయ, తహీనా (నువ్వుల ముద్ద), పైన అంబా. అందులో గుడ్డు కూడా వేస్తారు, అమ్మకి అది తీసేసి ఇచ్చారు. అంబా అంటే మామిడికాయ పచ్చడే, మెంతుల వాసనతో సహా. ఇరాక్ యూదులతో ఇజ్రాయెల్ చేరింది. "కారం ఏదే?" అంటూనే అమ్మ ఇంకో గిన్నె అడిగింది. నాన్నకి హమ్మస్ (శనగల ముద్ద) చప్పగా అనిపించింది, పుదీనా నిమ్మరసం మాత్రం తెగ నచ్చింది. బిల్లు ఆయనకి చూపించలేదు.